రెండు వైపులా గడియ

ఇళ్ళ నక్షాలు గీసి బతికినవాణ్ణి. గీత వంకరపోకుండా గీయడం తప్ప నాకు వేరే విద్య రాదు. నేను గీసినవాటిలో సగం ఇళ్ళయ్యాయి, సగం ఫైళ్ళలో చెదలకు పోయాయి. ఊళ్ళు ఎట్లా కట్టాలి, కాలనీల్లో జనానికి ఏం కావాలి అని ఎవరైనా సభల్లో ధారాళంగా మాట్లాడుతుంటే నాకు ఒళ్ళు మండుతుంది. వాళ్ళ మీద కోపం కాదది. మెట్టుగూడలో నేను గీసి, గీసిన చేత్తోనే గీకేసిన ఒక చిన్న తలుపు గుర్తొస్తుంది.

మా గల్లీ రైలు పట్టాలకు దగ్గర్లో ఉండేది. ఒకే వరుసలో పన్నెండు మట్టి ఇళ్ళు. ఒక ఇంటి గోడే పక్కింటికీ గోడ. సగం ఇళ్ళు మా హిందువులవి, సగం ముసల్మానులవి, అదీ ఒకచోట కాదు, కలగాపులగంగా. మగవాళ్ళలో ఎక్కువమంది రైల్వే కార్ఖానాలోనో, దర్జీ దుకాణాల్లోనో పని చేసేవాళ్ళు. మాది పదకొండో ఇల్లు. నాయన పోయాక అమ్మా నేనూ ఇద్దరమే మిగిలాం. చివరిదైన పన్నెండో ఇంట్లో ఖాలా ఉండేది. ఆమె మాకు చుట్టం కాదు. అమ్మ ఆమెను చెల్లె అని పిలిచేది కాబట్టి నాకు ఖాలా, అంటే పిన్ని, అయింది, అంతే.

ప్రతి ఉమ్మడి గోడలోనూ వెనకవైపు, వంటింటి పక్కన, మనిషి వంగి దూరేంత తలుపు ఒకటి ఉండేది. దాన్ని ఖిడ్కీ అనేవాళ్ళం. తలుపు ఒకటే గానీ గడియలు రెండు, ఇటొకటి, అటొకటి. రెండూ తీస్తేనే దారి. పొద్దున లేవగానే ఇటువైపు వాళ్ళు తమ గడియ తీసి ఊరుకునేవాళ్ళు. అటువైపు వాళ్ళకు వీలైనప్పుడు తమది తీసేవాళ్ళు. తీయకపోతే, ఇంట్లో ఏదో పని ఉంది, ఇప్పుడు రావద్దు అని. ఎందుకు తీయలేదని ఎవరూ ఎవర్నీ అడిగేవాళ్ళు కాదు.

ఆడవాళ్ళు వీధి మొహం చూడకుండా ఆ ఖిడ్కీల గుండా గల్లీ ఈ చివర నుంచి ఆ చివరకు పోయి వచ్చేవాళ్ళు. పరదా పాటించే ఇళ్ళకు అది తప్పనిసరి, మా ఇళ్ళకు అలవాటు. పప్పు అరువు అడగడం, పిల్లను చూసుకోమనడం, కడుపునొప్పికి వాము తెచ్చుకోవడం, కొట్లాడుకోవడం, అన్నీ అందులోనుంచే. మగపిల్లలం కూడా పదేళ్ళు వచ్చేదాకా అందులో దూరి తిరిగేవాళ్ళం. ఆ తర్వాత ఒకరోజు ఎవరో ఒక అమ్మ చెవి మెలిపెట్టి, ఇక నువ్వు వీధిలోంచి రావాలి అని చెప్పేది. నన్ను అట్లా బయటికి పంపింది ఖాలానే. ఆ రోజు నుంచి నాకు ఖిడ్కీ అంటే గోడ వెనక వినపడే గడియ చప్పుడు, అంతే. అందులో నేను మళ్ళీ తల దూర్చలేదు.

పోలీసు చర్య జరిగిన ఏడు మా గల్లీలో నిజానికి ఏమీ జరగలేదు. భయం మాత్రం జరిగింది. ఎండాకాలంలో రోజుకో పుకారు వచ్చేది, మా హిందువుల ఇళ్ళలో ఆడవాళ్ళు సరిగ్గా అన్నం తినడం మానేశారు. ఖాలా భర్త నిజాం ఫౌజులో సిపాయి. ఆయన ఖాలాతో కబురు చెప్పించాడు, ఇక నుంచి మా వైపు గడియ వేయం, ఏమన్నా అయితే తలుపు తోసుకుని వచ్చేయండి అని. సెప్టెంబరులో ఇండియా సైన్యం వచ్చింది. భయం గోడ దాటి అటు పోయింది. అప్పుడు అమ్మ మా వైపు గడియ తీసి, దాన్ని వేయకుండా ఒక గుడ్డపేలికతో కట్టేసింది. ఖాలా నాలుగు రోజులు మా వంటింట్లో ఉంది. వీధి తలుపులు మూసుకుని గల్లీ అంతా ఆ పదకొండు ఖిడ్కీల మీద బతికింది. ఒక ఇంట్లో పిండి ఉంటే అందరికీ పిండి, ఒక ఇంటి పెరట్లో బావి ఉంటే అందరికీ నీళ్ళు.

ఫౌజును రద్దు చేశాక ఖాలా భర్తకు పని లేకుండా పోయింది. బీదర్ అవతల ఏదో పల్లెలో ఆయన తల్లి ఉండేది. అటువైపు నుంచి మంచి వార్తలు రావడం లేదు. తల్లిని తీసుకుని పది రోజుల్లో వస్తానని పోయాడు. పది రోజులు దాటాయి, ఏడాది దాటింది. ఉత్తరం లేదు, మనిషి లేడు. బంధువులు వచ్చి, ఇక ఒప్పుకో, చేయవలసినవి చెయ్యి అన్నారు. ఖాలా వినలేదు. చేతికి గాజులు అట్లాగే ఉంచుకుంది. తన దగ్గర కుట్టు మిషన్ ఉంది. గల్లీలో ఆడవాళ్ళ రవికలన్నీ ఆమే కుట్టేది. ఒకటో ఇంటి కోడలు కూడా ఒక్కో ఖిడ్కీ దాటుకుంటూ మా వంటింట్లోంచి వంగి ఖాలా ఇంట్లోకి పోయి కొలతలిచ్చి వచ్చేది. ఒకరి ముందు చెయ్యి చాపకుండా, వీధిలోకి రాకుండా, ఆయన వచ్చేదాకా తన ఇంట్లో తాను ఉండాలి, ఖాలాకు కావలసింది ఇంతే. అది ఆ ఒక్క తలుపు మీద నిలబడి ఉంది.

ఈ సంగతి నాకు అప్పుడు తెలుసా అంటే తెలుసు. రోజూ చూసేదాన్ని మనిషి లెక్కలోకి తీసుకోడు.

అప్పటికి నేను ఇళ్ళు కట్టించే సర్కారు దఫ్తరులో నక్షాలు గీసే పనిలో ఉన్నాను. నా చదువంతా ఉర్దూలో సాగింది. అందమైన దస్తూరీ అని నన్ను పనిలోకి తీసుకున్నారు. పోలీసు చర్య తర్వాత నక్షాల మీద ఇంగ్లీషు అక్షరాలు రాయమన్నారు, నా అందమైన దస్తూరీ ఎవరికీ పనికిరాకుండా పోయింది. ఎవరిని ఉంచుతారో, ఎవరిని ఇంటికి పంపుతారో తెలియని రోజులవి. అందరం గొంతు తగ్గించి మాట్లాడేవాళ్ళం.

అట్లాంటి రోజుల్లో మా గల్లీ పడగొట్టి, ఇటుకతో కొత్త క్వార్టర్లు కట్టాలని నిర్ణయమైంది. పాతవి కురుస్తున్నాయి, మురుగు పోయే మోరీ లేదు, వానొస్తే పాములు. పడగొట్టడం తప్పని నేను ఇప్పటికీ అనను. మద్రాసు వైపు నుంచి వచ్చిన ఇంజనీరు ఒకాయన దాన్ని చూసేవాడు. మంచివాడు. నన్ను పిలిచి కూర్చోమన్నాడు, ఆ దఫ్తరులో నన్ను ఎవరైనా కూర్చోమనడం అదే మొదలు.

"మీరు అక్కడే పుట్టి పెరిగారట కదా. ఆ ఇళ్ళలో ఉండేవాళ్ళకు నిజంగా ఏం కావాలో కనుక్కుని రాసివ్వండి. మనం కట్టేది వాళ్ళ కోసం," అన్నాడు.

నా ఛాతీ ఉబ్బింది. మూడు సాయంత్రాలు మూలమీది ఇరానీ హోటల్లో కూర్చుని మా గల్లీ మగవాళ్ళందరినీ అడిగాను. నల్లా కావాలన్నారు. మోరీ, వీధి దీపం, సైకిలు పెట్టుకోవడానికి జాగా, బండి మళ్ళేంత వెడల్పు. సాయంత్రం కూర్చోవడానికి వీధిలో ఒక అరుగు కావాలన్నాడు ఒక పెద్దమనిషి, అది కూడా రాశాను. హోటల్లో గల్లీ అంతా ఉంది, రోజంతా ఆ ఇళ్ళలో ఉండేవాళ్ళు తప్ప. ఆ తప్ప అన్న మాట నాకు తట్టలేదు. ఇంజనీరు నా కాగితం చదివి, ఇట్లా ఉండాలి పని అంటే అని మెచ్చుకున్నాడు.

ఒకరోజు అన్నం వడ్డిస్తూ అమ్మ అడిగింది. "ఖాలా అడగమన్నది. గోడలల్ల ఖిడ్కీలు రాసినవా?"

రాస్తానే, అదేమన్నా పెద్ద పనా అన్నాను ముద్ద నోట్లో పెట్టుకుని. నిజంగానే మర్నాడు గీశాను. మొదట పెన్సిల్‌తో, తర్వాత ట్రేసింగ్ బట్ట మీద నల్ల ఇంకుతో. పన్నెండు ఇళ్ళు, పదకొండు గోడలు, పదకొండు చిన్న తలుపులు. చూడటానికి ముచ్చటగానే ఉంది.

మా పెద్ద డ్రాఫ్ట్స్‌మన్ నా బల్ల మీదికి వంగి చూశాడు. "ఏందయ్యా ఇది? ఇంటికీ ఇంటికీ నడుమ తలుపేంది? అండ్ల హిందువులు, ముసల్మానులు కలిసి ఉంటరంట గద. ఎవల ఇంట్లకెళ్ళి ఎవలు పోతరు?" అన్నాడు. చుట్టూ నలుగురు నవ్వారు.

చెప్పవలసింది చాలా ఉండింది. ఎండాకాలం మా వైపు భయమైతే వాళ్ళు గడియ తీశారని, వానాకాలం పోయేముందు వాళ్ళ వైపు భయమైతే మేం తీశామని చెప్పొచ్చు. ఆడవాళ్ళ దారి అని ఒక్క మాట చెప్పినా సరిపోయేది. ఆ రోజుల్లో ఎవరు ఎవరి ఇంట్లోకి పోతారన్నది చిన్న ప్రశ్న కాదు. జవాబు చెప్పినవాడి పేరు గుర్తుపెట్టుకునేవాళ్ళు. నేను నా ఉద్యోగం చూసుకున్నాను.

"పొరపాటు సాబ్," అన్నాను.

ట్రేసింగ్ బట్ట మీద ఇంకు పోవాలంటే బ్లేడుతో మెల్లగా గీకాలి. బట్ట చిరగకుండా గీకడం ఒక పనితనం, అందులో నాకు మంచి పేరు. పదకొండు తలుపులూ గీకేసి, ఆ ఖాళీల్లో గోడ గీతలు కలిపేశాను. వేలితో తడిమితే గరుకుగా ఉండేది, కంటికి మాత్రం ఏమీ కనపడదు. ఇంజనీరు సంతకం పెట్టాడు. ఆయన తప్పేమీ లేదు, ఆయన అడగవలసినవాణ్ణే అడిగాడు.

ఒక వానాకాలమంతా పట్టాల పక్కన రేకుల షెడ్లలో ఉండి కొత్త ఇళ్ళలోకి వచ్చాం. పాత వరుసే ఉంచారు, మాది పదకొండు, ఖాలాది పన్నెండు. మగవాళ్ళు వీధిలో పెట్టిన నల్లా తిప్పి చూసుకుని మురిసిపోయారు. అమ్మ పొయ్యి కూడా చూడకుండా నేరుగా వెనక గోడ దగ్గరికి పోయింది. సున్నపు గార మీద అరచెయ్యి పెట్టి ఈ మూల నుంచి ఆ మూల దాకా తడిమింది.

"ఖిడ్కీ ఏదిరా?"

మేస్త్రీ మరిచిపోయాడని చెప్పాను. ముఖం చూడకుండా చెప్పాను. ఆ మేస్త్రీ పాపం ఏ నక్షా ఇస్తే అది కట్టేవాడు. అమ్మ అదే మాట ఖాలాకు చేరవేసింది, వీధిలోంచి పోయి.

ఇక అన్నీ వీధిలోంచే. కొత్త వీధి వెడల్పుగా ఉంది, దీపం ఉంది, నేను రాసిచ్చిన అరుగు కూడా కట్టారు. ఆ అరుగు మీద పొద్దున నుంచి చీకటిపడే దాకా మగవాళ్ళు కూర్చునేవాళ్ళు. అరుగు సరిగ్గా ఖాలా గుమ్మానికి ఎదురుగా వచ్చింది. రవిక కొలతలివ్వడానికి ఆ మగవాళ్ళ ముందునుంచి ఎవరు పోతారు? ముసల్మానుల ఇళ్ళ ఆడవాళ్ళు పోలేరు, మావాళ్ళు పోవడానికి మొహమాటపడ్డారు. మొదట్లో అమ్మ పాత రవికలు మూటగట్టి ఆదికి ఇచ్చి వచ్చేది. కుట్టినవి కుదరక తిరిగొచ్చేవి. మెల్లమెల్లగా అందరూ బజారు దర్జీకి అలవాటుపడ్డారు. ఖాలా తెల్లవారకముందే బురఖా వేసుకుని వచ్చి నల్లా దగ్గర రెండు బిందెలు పట్టుకుపోయేది. ఆ కాసేపు అమ్మ కూడా నల్లా దగ్గరికి పోయేది. వాళ్ళిద్దరికీ మాటలకు రోజంతటిలో మిగిలింది అదొక్కటే. ఏమన్నా తింటున్నావా అని అమ్మ అడిగితే ఖాలా మాట మార్చేసేదట.

ఆ చలికాలంలో ఖాలా రెండు రోజులు నల్లా దగ్గరికి రాలేదు. మొదటిరోజు అమ్మ, చుట్టాలింటికి పోయిందేమో అనుకుంది. రెండోరోజు పోయి తలుపు కొట్టింది. లోపల గడియ వేసి ఉంది, పలుకు లేదు. పాత మట్టిగోడ అయితే దగ్గు కూడా వినపడేది. ఈ గోడ తొమ్మిది అంగుళాల ఇటుక. ఆ అంకె నక్షా మీద నా చేత్తో నేనే రాశాను.

నేను వీధి తలుపు పగలగొడదామని లేచాను. అరుగు మీదివాళ్ళు కూడా లేచారు. అమ్మ నా చెయ్యి పట్టుకుని లోపలికి లాగింది.

"ఆ తలుపు పలగ్గొడితే గల్లీ అంత లోపలికి చూస్తది. అది ఏ తీరుగ పడి ఉన్నదో ఏమో. రేపు బతికితే మొఖం ఎట్ల చూపిస్తది? గడ్డపార తే. ఇక్కడ కొట్టు."

ఎక్కడ అని అడిగాను. అమ్మ నా వైపు చూసి, నీకు తెల్వదా అంది.

తెలుసు. మూల నుంచి ఎంత దూరమో, నేల నుంచి ఎంత ఎత్తో, అన్నీ తెలుసు. చెవి వెనక పెన్సిల్ ఉంది. గోడ మీద నాలుగు గీతలు గీశాను. నా జన్మలో నేను గీసిన వంకర గీతలవే. తర్వాత గడ్డపార ఎత్తాను. కొత్త సున్నం, మంచి ఇటుక, ఎక్కడా మోసం లేని కట్టడం. ఒక్కో ఇటుక ఊడటానికి ఎంతసేపు పట్టిందో చెప్పలేను. ఏడుస్తూ కొట్టాను. అవతలికి వెలుతురు కనపడగానే అమ్మ నన్ను పక్కకు తోసింది. మనిషి పట్టీపట్టని కంతలోంచి, చీర చిరిగినా చూసుకోకుండా దూరిపోయింది. నేను గోడకు వీపు పెట్టి కూర్చున్నాను. లోపలికి చూసే హక్కు నాకు పదేళ్ళప్పుడే పోయింది.

ఖాలా బతికే ఉంది. ఒళ్ళు కాలిపోతోందట, లేవలేక మంచం దగ్గరే పడి ఉందట. గోడ మీద చేత్తో కొట్టానని, ఎవరూ పలకలేదని తర్వాత అమ్మకు చెప్పింది. రెండు రోజులు కొట్టింది. ఆ గోడకు ఇటువైపు నేను అన్నం తిన్నాను, పడుకున్నాను, దఫ్తరుకు పోయి వచ్చాను.

ఆమె కాస్త తేరుకున్నాక నేను ఇంజనీరు దగ్గరికి పోయి సర్కారు గోడ పగలగొట్టానని చెప్పాను. ఎందుకని అడిగితే అంతా చెప్పాను, బ్లేడు సంగతితో సహా. ఆయన అరవలేదు. నేను అడిగాను కదయ్యా, అన్నాడు. ఆ మాట కంటే తిట్టినా బాగుండేది. తర్వాత ఒకరోజు వచ్చి వీధిలో నిలబడి అమ్మను పిలిపించుకుని మాట్లాడి పోయాడు. పక్క గల్లీలో అదే నక్షాతో కడుతున్న రెండో వరుసకు అప్పటికే కప్పు వేసేశారు కాబట్టి నక్షాలో మార్చడానికేమీ మిగలలేదు. అయితే నెల తిరక్కముందే మా వరుసలో ఒక్కొక్క ఇంట్లోంచీ గడ్డపార చప్పుళ్ళు వినిపించాయి. వాటి మీద ఆయన ఏ రిపోర్టూ రాయలేదు. నా ఉద్యోగం కూడా పోలేదు. దేనికి భయపడి గీకానో అది జరగనే లేదు.

మా గోడ కంతకు నేను మంచి టేకు చట్రం పెట్టించాను. తలుపు చేయించాను. ఇత్తడి గడియ తెచ్చి బిగించి, రెండుమూడుసార్లు వేసి తీసి చూసుకున్నాను. పని బాగా కుదిరింది. ఆ రోజు ఖాలా తలుపు అవతల కూర్చుని ఉంది. నడుమ పరదా గుడ్డ వేలాడుతోంది. పదేళ్ళ వయసు తర్వాత మొదటిసారి ఆ దారి దగ్గర నిలబడి ఆమెతో మాట్లాడాను.

"ఖాలా, మేస్త్రీ మరిచిపోలేదు. నేను గీసిన. దఫ్తరుల నవ్విన్రని నేనే గీకేసిన."

తిడుతుందనుకున్నాను. పోనీలే అంటుందేమో అని కూడా ఆశపడ్డాను, అబద్ధమెందుకు.

"బేటా," అంది, "గడియ మీ దిక్కే పెట్టినవ్. మరి నా దిక్కు?"

నేను తలుపు వైపు చూశాను. నా పక్కన ఇత్తడి గడియ మెరుస్తోంది. అవతల ఉత్త చెక్క. ఆమె ఇంటి దారికి గడియ నా చేతిలో పెట్టుకుని, గొప్ప మేలు చేశానని మురిసిపోతున్నాను. ఇంజనీరుకు కాగితం రాసిచ్చినప్పుడు ఆమెను అడగలేదు. గోడ పగిలాక కూడా అడగలేదు. నాకు తల కొట్టేసినట్టయింది.

అప్పటికప్పుడు బజారుకు పోయి అలాంటిదే ఇంకొకటి తెచ్చాను. నేను బిగిస్తానని అనలేదు. పరదా కింద నుంచి గడియ, మరలు, అవి తిప్పే పేచ్‌కస్ లోపలికి జరిపాను. అవతల గాజుల చప్పుడు, పేచ్‌కస్ జారిన చప్పుడు, మళ్ళీ తిప్పిన చప్పుడు. జ్వరం పడి లేచిన చేతులు, చాలాసేపు పట్టింది. అమ్మ ఇటువైపే కూర్చుంది, సాయం చేస్తానని లేవలేదు. చివరికి పరదా తీసేసి, ఖాలా తలుపు మూసి, తన వైపు గడియ వేసుకుంది. గట్టిగానే వేసుకుంది. ఆ పూటంతా తీయలేదు.

మర్నాడు పొద్దున అమ్మ లేవగానే మా వైపు గడియ తీసింది. తలుపు తోసి చూడలేదు. నిండు బిందె పక్కన పెట్టుకుని గోడ వారగా కూర్చుంది. నేను దఫ్తరుకు ఆలస్యమవుతున్నా కదలకుండా నిలబడ్డాను. ఎండ పెరట్లోకి వచ్చాక అవతల గడియ తీసిన చప్పుడైంది. అమ్మ బిందె ఎత్తుకుని, తల వంచి లోపలికి పోయింది.